లొక్కిసారి దాకా

హిల్క పొద్దున్నే ఐదున్నరకు లేస్తుంది. కాఫీ పెట్టుకుని, రేడియోలో సముద్రం సంగతులు చెప్పేవరకూ కిటికీ దగ్గర నిలబడుతుంది. ఏ తీరాన ఎంత గాలి, ఏ పాయలో ఎంత మంచు అన్నీ విన్నాక రెండో కప్పు పోసుకుంటుంది. ఆ తర్వాత సంచీ సర్దుతుంది. ఇన్సులిన్, గాజుగుడ్డ, బీపీ చూసే పట్టీ, లొక్కిసారి దీవిలో ఉండే తౌనో ముసలాయన కోసం ఒక రై రొట్టె. ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆ తీరాన ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళనూ రోగులనూ చూసుకునే నర్సు.

వేసవిలో లొక్కిసారి దీవికి పడవ మీద వెళ్తుంది. నడిచలికాలంలో సముద్రం మీద కార్లు తిరుగుతాయి కాబట్టి కారులో వెళ్తుంది. నవంబరు నడుమ నుంచి ఓ మూడు వారాలు, మళ్ళీ ఏప్రిల్లో రెండు వారాలు మాత్రం అక్కడికి ఏదీ పోదు. మంచు మీదా నీళ్ళ మీదా జారిపోయే సహాయ దళం గాలిపడవ ఒకటుంది గాని, అది ప్రాణం మీదికి వస్తేనే కదులుతుంది. అప్పటి మంచు పడవకు గట్టి, మనిషికి మెత్తన. ఆ రోజుల్లో హిల్క ఒడ్డున బండ మీద కూర్చుని, బూట్లు విప్పి, లేసులు ముడేసి మెళ్ళో వేసుకుని, వట్టి పాదం నీళ్ళ మీద పెడుతుంది. పాదం కింద నీళ్ళు టక్కున గడ్డ కడతాయి. నల్లగా, గాజులా, తలుపంత వెడల్పున. ఇంకో అడుగు, ఇంకో తలుపు. అలా రెండున్నర కిలోమీటర్లు. ఆమె వేసిన దారి గంటన్నర నిలిచి, తర్వాత విరిగి కొట్టుకుపోతుంది.

వాళ్ళమ్మ కాళ్ళూ అలాంటివే. ఊళ్ళో ఒకరికి మంచి గొంతుంటుంది, ఒకరికి లెక్కలు బాగా వస్తాయి, హిల్కకు ఆ కాళ్ళు. రోడ్ల శాఖ వాళ్ళు ఒడ్డున పెట్టే బోర్డు మీద "మంచు దారి ఇంకా తెరవలేదు. హిల్క వెనక నడవవచ్చు. ఒకరి వెనక ఒకరు, పదడుగుల ఎడం" అని రాస్తారు. ఎండాకాలం ఎవరింట్లోనైనా ఫ్రిజ్ చెడితే ఆమెను పిలిచి, చేపలుంచిన గదిలో ఓ గంట కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు.

ఆ ఏడు అక్టోబరులో పేత్రి ఆమెను ఆఫీసుకు రమ్మన్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, నర్సులందరి పైన కొత్తగా వచ్చిన అధికారి. చిన్నప్పుడు లొక్కిసారి నుంచి బడికి హిల్క వెనకే నడిచి వచ్చినవాడు.

"కూర్చో హిల్కా. కాఫీ?"

"ముందు సంగతి చెప్పు."

"తౌనోకి పట్నంలో వృద్ధుల ఇంట్లో గది చూశాం. డిసెంబరు ఒకటి నుంచి. మంచి గదే. కిటికీలోంచి నది కనిపిస్తుంది."

"చుట్టూ సముద్రం ఉన్నవాడికి నది ఎందుకు?"

పేత్రి చేతిలో పెన్ను అటూ ఇటూ తిప్పాడు. "ఎనభై మూడేళ్ళు. రోజూ ఇంజెక్షన్ కావాలి. చూపు ఆనదు, తనకు తాను వేసుకోలేడు. దీవిలో మిగతా ఆరుగురికీ సూది వేయడం రాదు. కాలి మీద పుండు మానట్లేదు. మంచు కుదరని రోజుల్లో ఆయన దగ్గరికి పోగలిగేది నువ్వొక్కదానివే. రేపు నీకు జ్వరమొస్తే?"

"ముప్పై ఏళ్ళలో రాలేదు."

"నా భయం కూడా అదే. ఇన్నాళ్ళూ రానిది ఒక్కసారి వస్తే చాలు. ఒక్క మనిషి కాళ్ళ మీద ఇంకో మనిషి ప్రాణం పెట్టకూడదని రూలు. రెండో మనిషి ఉండాలి."

"ఉంటే?"

"ఉంటే ఆయన ఇంట్లోనే ఉంటాడు. సంతకం నేనే పెడతాను."

"అయితే ఒకటో తారీకు దాకా ఆ గది తాళం నీ దగ్గరే ఉంచు," అని హిల్క లేచింది. కాఫీ ముట్టలేదు.

తౌనోకి ఈ మాట చెప్తే ఆయన వల బాగుచేస్తూ తలెత్తలేదు. చూపు ఆనకపోయినా వల ముడి ఆయన వేళ్ళకు తెలుసు. "ఈ ఇంటి ఆవిరిస్నానాల గదిలో పుట్టాను. పోవడానికి పట్నం దాకా ప్రయాణం చేసే ఓపిక లేదు," అన్నాడు.

హిల్క కూతురు ఔతికి ఫోన్ చేసింది. ఔతి రాజధానిలో పళ్ళ డాక్టరు.

"అమ్మా, నా కాళ్ళకు చెమటలు పడతాయని నీకు తెలుసు కదా," అంది ఔతి.

"తెలుసు. మారాయేమోనని."

శనివారంనాడు హిల్క అగ్నిమాపక కేంద్రం హాల్లో పదకొండు తొట్లు వరసగా పెట్టించి నీళ్ళు నింపింది. ఊళ్ళోవాళ్ళు ప్యాంట్లు పైకి మడిచి వాటిల్లో నిలబడ్డారు. అరగంట నిలబడ్డారు. ఎవరి తొట్లోనూ చిన్న పొర కూడా కట్టలేదు. కొట్టు నడిపే రెయోకి మాత్రం తన నీళ్ళ రంగు మారినట్టు అనిపించింది.

"అది మంచు కాదు, నీ మురికి," అంది ఆయన పెళ్ళాం.

అందరూ నవ్వుకుని, బన్నులు తిని ఇళ్ళకు పోయారు. పదకొండు తొట్ల నీళ్ళూ హిల్కే పారబోసింది. పక్కన నిలబడి తువ్వాళ్ళు మడతపెడుతున్నది లిగాయ.

లిగాయ కూడా నర్సే. ముప్పై ఒక్కేళ్ళు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఆమె ఉద్యోగం ఆ ఏడాది చివరితో సరి. దక్షిణాన పెద్ద ఊళ్ళో ఆసుపత్రులకు అర్జీలు పెట్టుకుంటోంది. హెర్రింగు చేపలు తనకంటే వేగంగా శుభ్రం చేస్తుందని తౌనోకి ఆమె అంటే గౌరవం. ఎంత గాలి వీచినా పడవ వేసుకుని పోయేది. మంచు మీద మాత్రం కాలు పెట్టేది కాదు.

"నువ్వూ ఒకసారి తొట్లో నిలబడకపోయావా?" అంది హిల్క.

"నేను వేడి దేశం దాన్ని అక్కా. నా కాళ్ళ కింద నీళ్ళు మరిగితే మరగొచ్చు."

"మంచంటే అంత భయమెందుకు? దీవిలో పుట్టినదానివి."

"నీళ్ళు నీళ్ళలా ఉంటే నాకేం భయం లేదు. నేలలా నటిస్తేనే నమ్మలేను."

నవంబరు ఇరవై రెండుకి తౌనో పుండు ముదిరింది. ఒకరు కాలు ఎత్తి పట్టుకుంటే గానీ ఇంకొకరు కడగలేని చోటికి పాకింది. హిల్క ఈ మాట ఆఫీసులో చెప్పగానే లిగాయ కోటు అందుకుంది.

"మంచు మీద నడవాలి," అంది హిల్క.

"తెలుసు."

"భయం వేస్తే?"

"వేస్తుంది. ఆ గొడవ నాది. నువ్వు నడు."

తొమ్మిదింటికి బయల్దేరారు. హిల్క ముందు, పదడుగుల వెనక లిగాయ. ఆకాశం బూడిదరంగు, గాలి లేదు. సగం దూరం దాటాక పక్కనుంచి తేలుతూ వచ్చిన పాత మంచు పలక ఒకటి దారి అంచుకు తగిలింది. హిల్క పాదం ఆ రెంటి మధ్య ఇరుక్కుని చీలమండ మెలితిరిగింది. ఆమె కూలబడింది. లిగాయ చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకుతూ వచ్చేసరికి ఆ చీలమండ రొట్టెలా పొంగుతోంది. ముట్టుకుంటే కాలుతోంది.

హిల్క ఆ పాదాన్ని నీళ్ళలో ముంచింది. ఏమీ కాలేదు. రెండో పాదం ముంచింది. దానికీ అంతే. నీళ్ళు చల్లగా తగిలాయి. నీళ్ళు చల్లగా ఉంటాయన్నది ఆమె కాళ్ళకు అప్పుడే మొదటిసారి తెలిసింది. తీసిన పాదాలను ఒళ్ళోకి లాక్కుని కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

తర్వాత సహాయ దళానికి ఫోన్ చేసింది. వాళ్ళ గాలిపడవ అవతలి తీరంలో ఇంకెవరి కోసమో తిరుగుతోంది, గంటలో వస్తామన్నారు. లొక్కిసారిలో ఒకాయన ఇంజెక్షన్ కోసం చూస్తున్నాడని చెప్పింది. "కంగారు పడకండి, ఆయన్ని కూడా ఎక్కించుకుని పట్నం తీసుకెళ్తాం," అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా.

హిల్క ఆ మాట లిగాయకు చెప్పింది.

"ఎక్కించుకుంటే మళ్ళీ దించరు," అంది లిగాయ. కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్? వెనక్కి పో. దారి ఇంకా ఉంది, నిన్ను మోస్తుంది."

"వెనక ఇంజెక్షన్ కోసం చూసేవాళ్ళు ఎవరూ లేరు."

ఆమె అంచున నిలబడి నీళ్ళలో కాలు పెట్టింది. మోకాలి దాకా దిగిపోయింది. హిల్క కోటు పట్టుకుని వెనక్కి లాగింది. రెండోసారీ అంతే. లిగాయ పళ్ళు టకటకలాడుతున్నాయి. సముద్రం వైపు చూస్తూ తన భాషలో గబగబా ఏదో అంది. సంతలో బేరం ఆడినట్టుంది ఆ మాట.

"బతిమాలకు," అంది హిల్క. "అడుగు వేశాక నీళ్ళు ఏమవుతాయో నీకు అనవసరం. అది నీళ్ళ పని. నీ పని అడుగు వేయడం. మా అమ్మ నాకు నేర్పింది ఇంతే."

లిగాయ సంచీ తీసి నెత్తిన పెట్టుకుంది. ఒక చేత్తో పట్టుకుంది. ఈసారి కిందికి చూడకుండా కాలు వేసింది.

వేడి పెనం మీద చుక్కలు పడ్డట్టు చుయ్‌మంది. పాదం కింద పళ్ళెమంత మంచు లేచింది. హిల్క మంచులా నల్లగా లేదు. తెల్లగా, గరుకుగా, నురగ గడ్డకట్టినట్టు ఉంది. కాస్త కుంగింది, నిలబడింది. రెండో అడుగుకు చాటంత అయింది. నాలుగో అడుగుకు తలుపంత. లిగాయ ఆగలేదు. దారి వంకరటింకరగా పోయింది గాని ఎక్కడా తెగలేదు. హిల్క తన మంచు పలక మీద కూర్చుని, నెత్తిన సంచీతో ఆ నీలం కోటు చిన్నదై చిన్నదై దీవి అంచున రాళ్ళలో కలిసిపోయేదాకా చూసింది.

కాసేపటికి ఫోన్ మోగింది. తౌనో.

"ఇంజెక్షన్ అయింది. కాలు ఒక్కతే కడిగింది, నేను నోరు మూసుకుని పట్టుకున్నాను. అమ్మాయికి ఉన్ని మేజోళ్ళిచ్చాను. తొడుక్కోగానే గట్టిపడి చెక్కల్లా నిలబడ్డాయి. నీ సంగతేంటి?"

"కూర్చున్నాను," అంది హిల్క.

గాలిపడవ నడిపే మనిషి ఆమెను ఎక్కించుకుని, ఆ తెల్లదారిని తొక్కకుండా చుట్టూ తిప్పి పోనిచ్చాడు.

"ఇది నీది కాదే," అన్నాడు.

"కాదు."

అతను తలూపి కాలికి కట్టు కట్టేందుకు పెట్టె తెరిచాడు.

డిసెంబరు ఒకటిన పేత్రి తాళం జేబులో వేసుకుని ఒడ్డుకు వచ్చాడు. పదడుగుల ఎడంతో లిగాయ వెనక నడిచాడు. తౌనో ఇంట్లో, వంటింటి బల్ల మీద రెండు కాగితాలపై సంతకం పెట్టాడు. ఒకటి తౌనో ఇల్లు కదలనక్కర్లేదని. రెండోది లిగాయ ఉద్యోగం ఇక శాశ్వతమని. ఆమె రెండోదాన్ని మూడుసార్లు చదివి, మడిచి, రాత్రికి ఇంకోసారి చదవాలని కోటు లోపలి జేబులో పెట్టుకుంది. దక్షిణాది ఆసుపత్రులు రాసిన ఉత్తరాలకు జవాబు ఇవ్వలేదు.

హిల్క చీలమండ జనవరికి నయమైంది. కాళ్ళ చల్లదనం మాత్రం తిరిగి రాలేదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒడ్డు మీది ఇళ్ళన్నీ తను తీసుకుని, దీవిని లిగాయకు వదిలేసింది.

తౌనో ఇంకా రెండేళ్ళకు పైగా ఉన్నాడు. ఏప్రిల్లో, పడవ పోని, కాలు నిలవని వారంలోనే, ఒక పొద్దున తన మంచం మీదే పోయాడు. లిగాయ పక్కనే ఉంది. సహాయ దళం వాళ్ళు గాలిపడవ పంపుతామన్నారు. దీవిలో మిగిలిన ఆరుగురూ వద్దన్నారు. బతికుండగా ఆయన అది ఎక్కలేదు.

ఒడ్డుకు చేర్చేందుకు శవపెట్టెను మంచు మీద జారే బల్లబండి మీద కట్టారు. లిగాయ బూట్లు విప్పి ముందు నడిచింది. వెనక బండి లాగుతూ నలుగురు, వాళ్ళ వెనక ఇద్దరు, అందరికంటే చివర హిల్క. ముందురోజే లిగాయ వెనక నడిచి దీవికి వచ్చింది. దళసరి బూట్లు, రెండు జతల మేజోళ్ళు వేసుకుంది. ఎండ కాస్తోంది. పైన బాతుల గుంపులు ఉత్తరానికి పోతున్నాయి. తెల్లటి గరుకు మంచు పెట్టె బరువుకు కిర్రుమంది, కుంగింది, మోసింది.

సగం దారిలో లిగాయ ఆగి వెనక్కి తిరిగింది. ఒక్కొక్కరినీ చూసుకుంటూ ఆమె చూపు చివరిదాకా వచ్చింది.

"అక్కా, వస్తున్నావా?"

"వస్తున్నాను," అంది హిల్క. "నువ్వు నడు."