మంచివన్న నీళ్లు

నరసాపురం దగ్గర కాలువ ఒడ్డున ఉన్న క్రైస్తవుల పేటలో యెహెజ్కేలు మిషను బడి పంతులు. అతనికి డాక్టరు జగన్నాథరావంటే ప్రాణం. మద్రాసులో చదువుకున్న ఆ డాక్టరు రాజమహేంద్రవరంలో ఉంటూ, సూక్ష్మదర్శిని వెంటబెట్టుకుని పడవ మీద ఊరూరా తిరిగి నీళ్లు పరీక్షించేవాడు. బ్రాహ్మణుడై ఉండీ పేటలోకి వచ్చి, పంతులుగారి అరుగు మీదే కూర్చునేవాడు. వాంతిభేది పురుగును ఒక జర్మను వైద్యుడు కలకత్తా చెరువు నీళ్లలో పట్టుకున్న సంగతి చెప్పింది ఆయనే. అది జరిగి అప్పటికి పదేళ్లు కాలేదు.

ఆ వానాకాలం కాలువ వెంబడే వాంతిభేది వచ్చింది. కాలువ నీళ్లు ముట్టుకోవద్దన్నాడు జగన్నాథరావు. బడి వెనక బావి నీళ్లు మాత్రం చూసి, "ఇవి మంచివి మాస్టారూ. వీటినే తాగమనండి" అన్నాడు.

యెహెజ్కేలు గడప గడపకీ తిరిగాడు. బిందెలతో కాలువకి వెళ్లే ఆడవాళ్లకి అడ్డం నిలబడి మరీ బావి వైపు మళ్లించాడు.

తర్వాత ముసురు పట్టింది. కాలువ పొంగి పేట చుట్టూ నీరు నిలిచింది. వాన తెరిపిచ్చేసరికి బావి నీళ్లు తాగిన ఇళ్లలోనే జబ్బు మొదలైంది. ముందు గంగయ్య కొడుకు చిట్టియ్య పోయాడు. ఆ మర్నాడు పంతులుగారి ఒక్కగానొక్క కూతురు ఏసమ్మ, పొద్దున ఆడుకున్న పిల్ల, పొద్దు వాలకముందే కన్నుమూసింది.

కబురందుకుని వచ్చిన జగన్నాథరావు బావి నీళ్లు మళ్లీ చూశాడు. తర్వాత ప్రార్థన మందిరం ముందు జనాన్ని పిలిచాడు.

"కాలువ నీరు బావిలోకి దిగింది. వానల తర్వాత నేను మళ్లీ చూడాల్సింది, చూడలేదు. తప్పు నాది, పంతులుగారిది కాదు. ఇక ఏ నీళ్లయినా తెర్లకాచి తాగండి."

"మీ తప్పుకి మా పిల్లలాండీ?" అంటూ గంగయ్య బురద తీసి విసిరాడు. డాక్టరు చొక్కా తుడుచుకోలేదు.

పడవ దాకా వెంట వెళ్లిన యెహెజ్కేలు అడిగాడు. "మావాళ్లే దొంగచాటుగా కాలువ నీళ్లు తాగారంటే సరిపోయేది కదండీ. ఎవరికి తెలుస్తుందండీ?"

"అలా అంటే రేపు ఇంకో ఊళ్లో కూడా ఇలాగే మంచివని చెప్పి చంపుతాను మాస్టారూ."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే భార్య సూరమ్మ గోడకేసి తిరిగి కూర్చుంది. "ఆయన నిజం చెప్పాడు, సరేనండి. నా పిల్లేదండీ?"

యెహెజ్కేలు ఆ డాక్టరు మీద కోపం తెచ్చుకుందామనుకున్నాడు. రాలేదు. అందుకు తన మీద తనకే రోత పుట్టింది.

జబ్బు నెమ్మదించాక జగన్నాథరావు బావి నీళ్లు మరోసారి చూడడానికి వచ్చాడు. పేటలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. సూరమ్మ కూడా తలుపు గడియ పెట్టుకుంది. యెహెజ్కేలే వెళ్లి బావిలో చేద వేశాడు. పైకి లాగిన నీళ్లు చూడగానే చేంతాడు పట్టుకునే అక్కడే కూలబడ్డాడు. జగన్నాథరావు అతని చేతిలోంచి చేంతాడు అందుకుని, పక్కనే నేల మీద కూర్చున్నాడు.