ఆసుల జత

ఉలిగప్ప గోనెసంచి మూతి విప్పి, అడుగు రెండు కొసలూ పట్టి ఎత్తేసరికి పట్టుగూళ్ళు ట్రేలోకి జలజలా జారాయి. అరచేత్తో వాటిని సమంగా పరిచి, మరక పడ్డవాటినీ, పురుగు తొలుచుకుని బయటికొచ్చినవాటినీ ఏరి జేబులో వేసుకున్నాడు. గాండ్లపెంట రైతు ఒకడు తన ట్రే ముందు నిలబడి దిక్కులు చూస్తున్నాడు. ధర్మవరం నుంచి వచ్చిన వ్యాపారి గుప్పెడు గూళ్ళు తీసి చెవి దగ్గర ఆడించి వింటున్నాడు. లోపల పురుగులు గలగలమన్నాయి.

ఉలిగప్ప వేళ్ళు తెల్లగా ఉంటాయి. పట్టునూగు గోళ్ళ సందుల్లో చేరి, ఎంత కడిగినా పోదు. మూటలు మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే దిగిపోయింది. హిందూపురం మార్కెట్లో ఉలిగప్ప అనేవాడు ఒకడున్నాడని అతను రాని రోజు తెలియాలి. అతను రాని రోజంటూ లేదు.

వేలం అయిపోయి, జనం పలచబడ్డాక, కాటా వెనక నీడలో గోనెపట్టా పరిచి మూడు ముక్కలాట. దుడ్లు పెట్టి ఆడితే పని ఊడుతుంది కాబట్టి పందెం ఆ తొలిచిన గూళ్ళే. మనిషికి మూడు ముక్కలు, ఎవరివి పెద్దవైతే వాళ్ళది గెలుపు. వరుసగా పడినా, ఒకే రంగు పడినా జతను మింగేస్తాయి. ఆరుగురు కూర్చునే రోజుల్లో చేతికి రెండు ఆసులు వచ్చినా మురిసిపోవడానికి లేదు, ఎవడో ఒకడి దగ్గర వరుస ఉండేది.

తర్వాత ఇద్దరు బెంగుళూరుకు వాచ్‌మన్ పనికి పోయారు. నలుగురు మిగిలారు. ఒకనాడు వాళ్ళలో కుళ్ళాయప్ప ఆసుల జతతో పట్టా మీదున్నదంతా ఊడ్చుకుని, తువ్వాలు తిప్పుతూ ఇంటికి పోయాడు. పొద్దున లేవలేదు. వయసన్నారు. మరుసటేడు మల్లప్పకు అదే జత పడింది, అదే గెలుపు. ఆ సాయంత్రమే కొళాయి దగ్గర బిందె పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. గుండె అన్నారు.

ఆ రోజు నుంచి ఉలిగప్ప చేతికి ఆసుల జత వస్తే ముక్కలు బోర్లా పడేసి ఆట వదులుకుంటాడు. ఇప్పుడు ఆటకు మిగిలింది అతనూ సుంకప్పా.

"ఆరుగురు ఉన్నెప్పుడు జతకు విలువ యాడుండాది అన్నా?" అనేవాడు సుంకప్ప. "మనుషులు తగ్గినారు, జత నిలబడతాంది. దాంట్లో దయ్యం యాడిది?"

మాట నిజమే. ఉలిగప్ప కాదనలేదు. అందుకే అతనికి మరింత భయం. మనిషి పోతే జతకు బలం, జతకు బలమొస్తే ఇంకో మనిషి. ఈ చుట్టు ఎక్కడ ఆగుతుందో పట్టా మీద మిగిలిన ఖాళీ చూస్తే తెలుస్తూనే ఉంది. రాత్రిళ్ళు ఇది తలుచుకుని దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

చావంటే తనకోసం భయం కాదు, అని చెప్పుకునేవాడు. కొంత అబద్ధమే. మిగతాది మారెమ్మ. పక్షవాతం వచ్చి భార్యకు ఎడమపక్క పడిపోయింది. మధ్యాహ్నం పక్కింటావిడ గంజి తాపుతుంది, రాత్రి సంగటి ముద్ద మాత్రం అతని చేత్తో పెడితేనే మింగుతుంది. తను పోతే ఆ ముద్ద ఎవరు పెడతారు?

నిజానికి మంచి ముక్క చేతికొస్తే జారవిడవడం అతనికి పేకాటతో వచ్చింది కాదు. కాటా దగ్గర కూర్చునే పని తనకిస్తామంటే, చదువురాదని తప్పించుకుని సుంకప్పను ముందుకు తోశాడు. సుంకప్పకూ చదువు అంతంతమాత్రమే. అయినా కుర్చీలో హాయిగా కూర్చున్నాడు.

ఈ రోజు సుంకప్ప ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. పెనుకొండలో కూతురు అమృతకు మగబిడ్డ పుట్టాడు. మూడు గంటల బస్సుకు పోయి మనవణ్ణి చూసుకోవాలి.

"ఒక్క ఆట ఆడి పోతా" అని ముక్కలు పంచాడు.

వాడికి ఉత్సాహం ఆగడం లేదు. ముక్కలు తీసి చూడకుండానే గూళ్ళు వేస్తూ పోయాడు. ఉలిగప్ప కూడా చూడకుండానే వేశాడు. పట్టా మధ్యలో తెల్లటి కుప్ప పెరిగింది. మార్కెట్టంతా ఖాళీ. గోడవారన అమ్ముడుపోని ట్రేలలో గూళ్ళు సన్నగా చిటపటమంటున్నాయి. ఎవరో నలుగురు ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు అనిపించి, ఉలిగప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

ముక్కలు ఎత్తి చూసుకున్నాడు. ఇస్పేటు ఆసు. డైమను ఆసు. జాకీ.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బోర్లా పడేశాడు.

"అంతేనా? నేనింకా నావి చూసుకోనే లేదు కదప్పా" అని నవ్వుతూ సుంకప్ప తన ముక్కలు ఒక్కొక్కటే తిప్పాడు. ఆటీను ఆసు. కళావరు ఆసు. తొమ్మిది.

ఉలిగప్ప చెయ్యి దానంతటదే పోయి, పడేసిన ముక్కలను వెల్లకిలా తిప్పింది.

"సుంకా, గెలుపు నాది. నావీ ఆసులే. నీది తొమ్మిది, నాది జాకీ. నాదే పెద్దది."

సుంకప్ప ముక్కలవైపూ అతని ముఖంవైపూ చూశాడు. "పడేసినాక అవి చచ్చిన ముక్కలన్నా. తిరగా లేపుతావా?"

"నాదేరా. నాదని ఒప్పుకో."

"ఇన్నేండ్లలో ఎప్పుడన్నా నాదని అడిగినావా? ఈ పొద్దేం వచ్చింది నీకి?" సుంకప్ప నవ్వు ఆగింది. అతనికి అర్థమైంది. తనకు పడ్డ చావును స్నేహితుడు తన మీద వేసుకోవాలని అడుక్కుంటున్నాడని అర్థమై, గొంతు తగ్గించాడు. "ఏం కాదులే అన్నా. వదినకు నువ్వుండాల."

మారెమ్మ పేరెత్తకుండానే మారెమ్మ అక్కడికి వచ్చి కూర్చుంది. తెరిచిన నోరు, ముద్ద కోసం చూసే కళ్ళు. ఉలిగప్ప రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగడానికి నోరు రాలేదు.

"సరే, ఎవురిదీ కాదు" అన్నాడు సుంకప్ప చొక్కా దులుపుకుంటూ. "గూళ్ళు ఆడనే ఉండనీ. రేపొచ్చి తేల్చుకుందాం."

గేటు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆగమని అరుద్దామనుకున్నాడు ఉలిగప్ప. ఆగితే మాత్రం ఏం చెబుతాడు?

సాయంత్రం దాకా మార్కెట్ ఊడ్చాడు. ట్రేలు కడిగి బోర్లించాడు. పేకముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు కానీ, కాటా వెనక పట్టా జోలికి మాత్రం పోలేదు. దాని చుట్టూ చీపురు తిప్పుకుంటూ పోయాడు. గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు, మామూలుగానే కొట్టుకుంటోంది. నాలుగడుగులు వేసి మళ్ళీ చూసుకున్నాడు.

ఫోను మోగింది. అమృత.

"పెద్దనాయనా..." అంది. "నాయన బస్సులో నిద్రపోతాండాడు అనుకున్నాడంట కండక్టరు. పెనుకొండలో అందరూ దిగినారంట, నాయన దిగలేదంట."

ఉలిగప్పకు ముందు కలిగింది ఊరట. రాత్రికి మారెమ్మకు ముద్ద పెట్టగలడు. ఆ ఊరట తనదేనని తెలిసిన మరుక్షణం, ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయాడు.

"ఆ ఆట నాదమ్మా" అన్నాడు.

"ఏందీ పెద్దనాయనా?"

"గెలుపు నాది. మీ నాయనది కాదు. నేను గట్టిగా అడగలే."

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటున్నాడనుకుని తనే ఏడుస్తూ, బిడ్డ లేచాడని చెప్పి ఫోను పెట్టేసింది.

వాచ్‌మన్ దీపాలార్పి గేటు వేస్తానన్నాడు. ఉలిగప్ప లేచి బయటికి నడిచాడు. కాటా వెనక చీకట్లో, పట్టా నడుమ, ఎవరూ తీసుకోని గూళ్ళ కుప్ప తెల్లగా కనిపిస్తూ ఉంది.