ఒహాయో నోటు మీద సంతకం

సంతోషకుమారికి ల్యామినేషన్ అంటే వల్లమాలిన నమ్మకం. కెనడాలోని స్కార్‌బరో అపార్ట్‌మెంట్‌లో ఆవిడ చేతికి చిక్కి ప్లాస్టిక్ తొడుక్కోని కాగితం లేదు. బాప్తిస్మ సర్టిఫికెట్లు, సిటిజన్‌షిప్ పత్రాలు, ఆఖరికి బస్సు టైంటేబుల్ కూడా! ఇంట్లోనే మెషిన్ పెట్టుకున్న మనిషిని ఎవరు ఆపగలరు?

ఒక్క భర్త ఆండ్రూ ఆల్బమ్ జోలికి మాత్రం వెళ్లేది కాదు. ఒకప్పుడు అమెరికాలో చిన్న ఊళ్ల బ్యాంకులు కూడా సొంత పేరుతో కరెన్సీ నోట్లు అచ్చు వేసేవి. వాటి మీద బ్యాంకు ప్రెసిడెంటు స్వయంగా కలంతో సంతకం పెట్టేవాడు. ఆండ్రూ ఆల్బమ్‌లో ముప్పై ఊళ్ల నోట్లున్నా, ఆయన ప్రాణమంతా ఒహాయోలోని ఒక ఊరి నోటు మీదే. ఆయన నాయనమ్మ గుంటూరు దగ్గర మిషన్ హాస్టల్లో దిక్కులేని పిల్లగా చేరితే, ఆమెను పెంచిన దొరసానిది ఆ ఊరే. ఆ నోటు మీద సంతకం పెట్టిన బ్యాంకు ప్రెసిడెంటు ఆ దొరసాని తండ్రే. పదకొండేళ్లు వెతగ్గా వెతగ్గా నోటు దొరికింది. మరుసటి ఏడాదే షుగరు ఆయన రెండు కళ్లూ తీసేసుకుంది.

అప్పటినుంచి రోజూ టీ తాగాక నోటు ఒళ్లో పెట్టుకుని, పాళీ గీరిన చోట వేలు ఆనించి ఆ సంతకాన్ని తడుముకునేవాడు. "మా నాయనమ్మకి అన్నం పెట్టిన ఇంటివాళ్లది" అనేవాడు. ఆయనకు మిగిలిన సంబరం అదొక్కటే.

మొన్న టీ ఒలికి నోటు అంచు తడిసింది.  ఆయన కునుకు తీస్తుండగా సంతోషకుమారి నోటు ఆరబెట్టి మెషిన్‌లో పెట్టేసింది. ఇక భయం లేదనుకుంది, పిచ్చి తల్లి.

సాయంత్రం ఆయన వేలు నున్నగా జారిపోయింది.

"ఇదేంటి సంతోషం?"

"ల్యామినేట్ చేశానండీ. మళ్లీ తడిసిపోద్దేమోనని..."

 ఆయన వేలు ఆ మూలనుంచి ఈ మూలకు వెతుకుతూనే ఉంది. తాను చేసిన పని ఆవిడకు అప్పుడు అర్థమైంది. నోటు లాక్కుని, కత్తెరతో ప్లాస్టిక్ అంచు విప్పబోయింది. కాగితం కూడా దాంతోపాటే లేచొస్తుంటే ఆపేసింది. ఏడుస్తూ దాన్ని తిరిగి ఆయన ఒళ్లో పెట్టింది.

"నన్ను తిట్టండి."

"తిట్టడం దేనికి? నా చేతి చెమటకి ఎప్పుడో పాడైపోయేదే" అన్నాడు ఆండ్రూ. మళ్లీ వేలు ఆనించి కాసేపు తడిమాడు. మెల్లగా నవ్వాడు. "ఆ, తగిలింది సంతోషం! సంతకం ఇదిగో, ఇక్కడే ఉంది. ఊరుకో."

ఆవిడ కళ్లు తుడుచుకుని చూసింది. ఇందాక తొందరలో తానే నోటు బోర్లా పెట్టేసింది. ఆయన వేలు ఆనిన వెనకవైపు ఏ సంతకమూ లేదు.

"అవునండీ, అదే" అంది సంతోషకుమారి.