నవ్వు దిగేదాకా

అండాలు చేటలో బియ్యం ఏరుతూనే నాటకంలోని పెళ్లికూతురి తండ్రి మాటలు చెబుతోంది. ఎదురుగా వాళ్ల నాయిన పర్వతాలు పెళ్లిళ్ల పేరయ్యగా నిలబడ్డాడు.

"అబ్బాయి ఎవరి జోలికీ పోడండీ!"

"అంతటి సాధువా?"

"మంచం దిగితే కదా!"

అనేసి కండువా సర్దుకున్నాడు. మేడ్చల్‌లో ఆడినా, అల్వాల్‌లో ఆడినా ఈ మాటకు జనం విరగబడి నవ్వేవారు. ఆ నవ్వు దిగేదాకా ఆయన కండువా సర్దుకుంటూ ఆగేవాడు. ఇంటింటికీ టీవీ వచ్చాక నాటకానికి పిలిచేవాళ్లే లేకపోయారు. ఇప్పుడు ఆ నాటకాన్నే టీవీ కోసం శామీర్‌పేట దగ్గర ఒక బంగళాలో తీస్తున్నారు. మాట మాటకూ ఆగడం మానుకుంటే వేషం పర్వతాలుదే అన్నాడు డైరెక్టర్.

"మళ్ల ఆగినవ్ నాయినా."

"నువ్వు నవ్వినవ్ బిడ్డా, గందుకే ఆగిన. జెర పండ్లు బయటవెట్టకు. ఆడ నవ్వెటోళ్లు ఉండరంట."

"గా మొకం జూస్తె నవ్వు రాదా మరి?"

"రావొద్దు. గోడ లెక్క కూసో."

తల్లి పోయాక ఆ ఇంట్లో వినబడే నవ్వు అదొక్కటే. అయినా అండాలు గోడలాగే కూర్చుంది. మొదట్లో పెదవి కొరుక్కునేది. కొన్నాళ్లకు ఆ అవసరమూ లేకపోయింది.

డైరెక్టర్ గోపాలరావు చూసిపోదామని ఇంటికే వచ్చాడు. కుర్చీలో కూర్చుని చేతి గడియారం విప్పి పట్టుకున్నాడు. అండాలు ఎదురు మాటలు అందిస్తుంటే పర్వతాలు ఎక్కడా ఆగలేదు. కండువా మీదికి చెయ్యి పోనే లేదు. గోపాలరావు గడియారం మీంచి తల ఎత్తలేదు.

"భేష్! సరిగ్గా సరిపోయింది. సోమవారం కారు పంపిస్తాం. నవ్వులు తర్వాత మేమే కలుపుకుంటాం."

"యాడికెల్లి దెస్తరు సార్, నవ్వులు?"

"టేపుల్లో ఉంటాయి పర్వతాలు గారూ, ఎన్ని కావాలంటే అన్ని."

కారు వెళ్లిపోయింది. పర్వతాలు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బిడ్డా, ఇయ్యాల గూడ నవ్వు ఆపుకున్నవా?"

‘ఆపుకున్న’ అంటే సరిపోయేది. కానీ నాయినతో ఆమె ఏనాడూ అబద్ధమాడలేదు.

"అడిగింది నిన్నే. వచ్చిందా, రాలేదా?"

"చాయ్ వోస్త, కూసో నాయినా," అంది అండాలు, ఖాళీ గ్లాసులు ఎత్తుతూ.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. లేచి చెప్పులు వేసుకుని, అరుగు దిగి వెళ్లిపోయాడు.