హన్మంతు తాళం పాట

నాందేడ్‌లో రేడియోలు బాగుచేసే హన్మంతుకు గుట్టంటే ప్రాణం. లాప్‌టాప్ కెమెరా కంటికి భార్య వత్సల బొట్టుబిళ్ల అంటించాడు. ఆచూకీ అడిగే యాప్‌లన్నీ ఫోన్‌లోంచి పీకేశాడు. పాస్‌వర్డులన్నీ లాప్‌టాప్‌లోని ఒకే యాప్‌లో దాచి, దానికి తాళంగా, పెళ్లినాడు గడప దగ్గర ఆపితే వత్సల మొగుడి పేరు కలిపి చెప్పిన పాటను పెట్టాడు. అంత పొడుగు తాళాన్ని ఏ దొంగ ఊహిస్తాడు?

వత్సల మాహూర్‌కు దర్శనానికి పోయిన రోజే అది మరిచాడు. ఫోన్ చేసి అడుగుదామంటే ఎవరైనా వింటారని భయం. కిటికీ దగ్గర కూర్చుని గొణుక్కున్నాడు. “ఇత్తడి గిన్నెల పాలు...”

“ఇత్తడి గాదు బావా, వెండి!” పక్కింటి వాకిట్లో అప్పడాలు ఒత్తుతున్న ఇందుబాయి అరిచింది. ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా అందుకున్నారు. “వెండి గిన్నెల పాలు, పాల మీద మీగడ, హన్మంతు పేరు జెప్త, వదలుండ్రి గడప!”

గల్లీలో ఏ పసుపు కుంకుమకు పిలిచినా వత్సల చెప్పేది అదే మరి.

“అరే, అది నా కంప్యూటర్ తాళం!” అని హన్మంతు నెత్తి కొట్టుకున్నాడు.

“గట్లయితే మార్చు బావా,” అంది ఇందుబాయి. “గని కొత్తది గూడ మాకు జెప్పిపెట్టు. మళ్ల మర్చిపోతే ఎవర్ని అడుగుతవ్?”