అర గ్లాసు బియ్యం

కుక్కర్‌లో బియ్యం పోసి కడుగుతున్నాను. చందన వంటింటి గడప మీద కూర్చుని లెక్కల పుస్తకం బిగ్గరగా చదువుతోంది. ఆరో తరగతి, నిష్పత్తుల పాఠం.

"నలుగురికి రెండు గ్లాసుల బియ్యం వండితే, ఐదుగురికి ఎన్ని గ్లాసులు వండాలి?"

"చెప్పు సూద్దాం," అన్నాను. నిష్పత్తి లెక్కలంటే నాకిప్పటికీ ప్రాణం.

"మనిషికి అర గ్లాసు. ఐదుగురికి రెండున్నర." పెన్సిల్ కొరుకుతూ కుక్కర్ వైపు చూసింది. "మనం గూడా ఐదుగురమే కదమ్మా. నువ్వు రోజూ రెండే పోస్తాండావు. పుస్తకంలో తప్పు రాసినారా?"

నా చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది.

జమ్మలమడుగులో మా బడి గుర్తొచ్చింది. ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండే షాహీదాబీ టీచర్ వేళ్లు గుర్తొచ్చాయి. ఒకరోజు ఆమె పన్నెండు బొరుగుల ఉండలు తెచ్చి నా చేతికిచ్చి, "కుసుమా, మీ బెంచీలో ఉండేవాళ్లకంతా సమానంగా పంచు," అన్నారు. జరీనాకు నాలుగు, నాగలతకు నాలుగు, కౌసర్‌కు నాలుగు ఇచ్చేసి, లెక్క సరిపోయిందని గర్వంగా నిలబడ్డాను. టీచర్ నా ఖాళీ చేతులు చూశారు.

"బెంచీలో ఎంతమంది ఉండారే?"

"ముగ్గురు టీచర్."

క్లాసంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు. "నువ్వు మనిషివి కాదా? మల్లా పంచు."

ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ఉండ వెనక్కి తీసుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ మూడు ఉండల బెల్లం తీపి ఇల్లు చేరేదాకా నాలుక మీదే ఉంది. ఆ ఏడంతా లెక్కల్లో నాదే మొదటి మార్కు. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది.

పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చిన మొదటి రోజే మా అత్త పార్వతమ్మ నా చేతికి గ్లాసు ఇచ్చి, "ముగ్గురికి ఒగటిన్నర పొయ్. నీకు మిగలకుండా యాడికి పోతాది?" అంది. మామ, అత్త, మా ఆయన వెంకటేశు, వాళ్లే ఆ ముగ్గురు. చందన అన్నం తినే వయసుకొచ్చాక నేనే ఇంకో అర గ్లాసు పెంచాను. అంత చంటిదానికి లెక్క కట్టినదాన్ని, నాకు కట్టుకోలేదు. మిగిలితే తిన్నాను. మిగలనినాడు పొద్దుటి సంగటి ముద్ద మజ్జిగలో పిసుక్కున్నాను. "మా కుసుమకు ఆకలే తక్కువప్పా," అని ఆయన చుట్టాల దగ్గర గొప్పగా చెప్పేవాడు. అది విని నేనూ మురిసిపోయాను చూడండి, అదీ నాకు ఒళ్లు మండే సంగతి. బెంచీ మీద నేర్చుకున్న లెక్క పొయ్యి దగ్గర ఎలా మరిచిపోయానో!

"పుస్తకంలో తప్పు లేదు పాపా. అమ్మే తప్పు చేసింది," అన్నాను.

బియ్యం డబ్బా మూత తీశాను. ఇంకో అర గ్లాసు కొలిచి, కడిగి కుక్కర్‌లో పోశాను. నీళ్లూ పెంచాను.

మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చిన ఆయన కుక్కర్‌లోకి తొంగి చూశాడు.

"ఏందిమే, బియ్యం ఎక్కువ పోసినావు? ఎవరన్నా వస్తాండారా?"

"కొత్తగా ఎవరూ రాలేదు," అన్నాను. "పదమూడేండ్ల నుంచి ఈడనే ఉండే మనిషికి."