జంపక్క చెట్టు కింద లెక్కల పరీక్ష

టప్.

ఇప్పపువ్వు రాలింది.

టప్... టప్... మళ్లీ ఒకటి. తెల్లారకముందే మొదలవుతుంది ఈ చప్పుడు. తెల్లగా, బొద్దుగా, లోపల తీపి నింపుకొని నేల మీద పడుతుంది. అడవంతా మత్తు వాసన. ఊరంతా బుట్టలు పట్టుకొని చెట్ల కింద వంగి ఉంటుంది.

అందరికీ అది పువ్వు చప్పుడు. నాకు మాత్రం ఒళ్లు మండించే చప్పుడు.

ఎందుకంటే ఆ చెట్టు ముసలి జంపక్కది.

సిగ్నల్ కూడా ఆ చెట్టు కిందే ఉంది.

మాది పర్ణశాల దాటి, వాగు దాటి, ఇంకా లోపలికి పోతే వచ్చే ఊరు. ఇరవై ఆరు ఇళ్లు. ఏ ఇంట్లోనూ ఫోన్లో సిగ్నల్ గీతలు రావు. గోదారి అవతల మణుగూరు వైపున్న టవర్ ఏదో... గుట్టల సందులోంచి సన్నగా వచ్చి, ఈ ఒక్క ఇప్పచెట్టు కింద ఆగిపోతుంది. రెండు గీతలు. నాలుగడుగులు పక్కకు జరిగితే ఏమీ ఉండదు.

రోగం వచ్చింది, బడి మూశారు. తెరిచారు. మళ్లీ మూశారు. ఆశ్రమ పాఠశాల హాస్టల్ నుంచి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని ఇంటికొచ్చాను. నా పదో తరగతి ఫోన్లోకి పోయింది. నాయన రెండు మేకలిచ్చి ఆ ఫోన్ తెచ్చాడు.

మా తరగతి గ్రూపులో నలభై ఒక్కమంది. పాఠానికి వచ్చేది ఆరుగురు. మిగతావాళ్లు మిరప తోటల్లో కాయలు కోస్తున్నారు.

చలికాలమంతా ఆ చెట్టు కిందే కూర్చున్నాను. జంపక్క ఒక్క మాట అనలేదు. గొడ్లను తోలుకుపోతూ నిలబడి చూసేది. ఒకరోజు నా ఒళ్లో గుప్పెడు రేగుపండ్లు పోసి పోయింది.

పువ్వు పడటం మొదలైన రోజు మాత్రం ముళ్లకంప వేసింది.

చెట్టు చుట్టూ. నడుమెత్తు రేగుకంప.

మా దగ్గర ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లు ఉంటుంది. తాతల నాడే పంచుకున్నారు. కాగితం లేదు, హద్దురాయి లేదు, అయినా ఎవరూ మరిచిపోరు. మామూలు రోజుల్లో ఎవరైనా నీడకు కూర్చోవచ్చు. పువ్వు పడే రోజుల్లో మాత్రం పరాయి కాలు అక్కడ పడకూడదు. అంతే.

నాయన కూడా అంతే అన్నాడు. "పువ్వు దినాలు గదా బిడ్డా. ఆగు. నెల గడిస్తే అయిపోతది."

నెలట, నెల! నాకు పరీక్షలు నాలుగు రోజుల్లో ఉన్నాయి.

కర్ర చివర ఫోన్ కట్టి, కంప మీదుగా చాపి, హరిప్రసాద్ సార్ మెసేజ్ తెచ్చుకున్నాను. ఈసారి ఇంటి నుంచి రాసి పంపే పేపర్లకే మార్కులు. పదింటికి ప్రశ్నలు వస్తాయి. పన్నెండులోపు జవాబుల ఫొటోలు పంపాలి. వీడియో ఆన్‌లో ఉండాలి. కింద ఇంకో మెసేజ్ — సిగ్నల్ లేదని సాకులు చెప్పకండి.

సాకు!

ఆ సార్‌ను ఒక్కరోజు... ఒకే ఒక్కరోజు మా ఊళ్లో కూర్చోబెట్టాలి.

మార్కులొస్తే భద్రాచలంలో కాలేజీ హాస్టల్ సీటు. రాకపోతే మిరప తోట. నాకున్నవి రెండే దార్లు, వాటి మధ్య రేగుకంప.

అడిగాను. మెడ వంచి మరీ అడిగాను. "అవ్వా, రెండు గంటలే. ఒక్క పువ్వు కూడా తొక్కను."

"అందరు గట్లనే అంటరు." జంపక్క బుట్టలోంచి తల ఎత్తలేదు. "పోయినేడు ఫోన్లు సూసుకుంట పోరగాళ్లొచ్చిండ్రు. సగం పువ్వు కాళ్ల కిందనే పాయె. వానల్ల నేనేం తిన్ననో ఎవలన్న వొచ్చి సూసిండ్రా?"

ఆమెకు ఎవరూ లేరు. వానల్లో, పని దొరకని రోజుల్లో ఆమె పొయ్యి మీద ఉడికేది ఆ ఎండిన పువ్వే. నాకు తెలుసు. తెలిసినా జాలి కలగలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ ముసలమ్మను చూస్తే నాకు కడుపు రగిలిపోయింది.

మొదటి పరీక్ష సైన్స్.

జంపక్క బుట్ట నింపుకొని ఇంటికి పోయేదాకా పొద కింద నక్కి కూర్చున్నాను. కంప సందులోంచి దూరాను. జబ్బ గీరుకుపోయింది. పదింటికి ప్రశ్నలు వచ్చాయి. రాశాను. గబగబా రాశాను. రెండు పేజీలు... మూడు... నాలుగో పేజీలో ఉన్నప్పుడు వీపు మీద కర్ర పడింది.

ముందు కోయ భాషలో తిట్టింది. హాస్టల్లో పెరిగిన నాకు సగమే అర్థమైంది. అది గ్రహించి మళ్లీ తెలుగులో తిట్టింది. "దొంగముండా! సదువుకునేది గిందుకేనా? లే! లెవ్వు!"

ఫోన్ కింద పడింది. వీడియో ఆగిపోయింది. నా కాళ్ల కింద చూసుకున్నాను... ఏడెనిమిది పువ్వులు నలిగి ఉన్నాయి.

సాయంత్రం కర్ర చాపితే సార్ మెసేజ్ వచ్చింది. 'సునందా, పరీక్ష మధ్యలో లేచి ఎక్కడికి పోయావు? సైన్స్ సున్నా.' గ్రూపులో పెట్టాడు. అందరూ చూసేలా.

మర్నాడు లెక్కలు.

ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. సార్ మీద, జంపక్క మీద, తలవంచుకొని తిరిగే నాయన మీద, ఇంకెక్కడా దిగకుండా అక్కడే దిగే ఆ దిక్కుమాలిన సిగ్నల్ మీద కూడా.

పొద్దు వాలుతుండగా ప్రతి ఇల్లూ తన చెట్టు కింద ఎండుటాకు కాలుస్తుంది. నేల నల్లబడితే తెల్లారి పువ్వు తెల్లగా కనిపిస్తుంది. జంపక్క కూడా ఆకు కాల్చి, నీళ్లు చల్లి, నిప్పు ఆర్పి పోయింది. నేను పొద వెనక నుంచి చూశాను.

ఆమె పోయాక లోపలికి వెళ్లాను. చేతిలో అగ్గిపెట్టె.

నేను కంపనే కాల్చాలనుకున్నాను. ఒట్టు... కంపనే.

పైగా తెలివిగా ఆలోచించాను కూడా. కంప అవతల అంతా ఎండుటాకు, అక్కడ అంటిస్తే అడవి అంటుకుంటుంది. లోపల కాలిన నల్లటి నేల, అక్కడ అంటుకునేది ఏమీ లేదు. సైన్స్ పుస్తకంలో ఉంది కదా, మండాలంటే ఇంధనం కావాలని. అందుకే కంపనంతా లోపలికి లాగాను. చెట్టు మొదలు దగ్గర కుప్ప పోశాను. అంటించాను.

చిటపట... చిటపట... ఎంత హాయిగా ఉండిందో ఆ చప్పుడు!

ఇప్పచెట్టు ముసలిదైతే మొదలులో తొర్ర పడుతుంది. అందుకే మొదలు దగ్గరికి ఎవరూ నిప్పు రానివ్వరు. ముందు తొర్రకు తడిమట్టి మెత్తుతారు. మూరెడు దూరం ఊడుస్తారు. ఆ తర్వాతే అగ్గి. మా ఊళ్లో ఏడేళ్ల పిల్లకైనా ఈ సంగతి తెలుసు.

నాకు తెలియదు. మూడో తరగతి నుంచి హాస్టల్లో ఉన్నాను. ఇంతకుముందు పువ్వు పడే రోజుల్లో నేను ఒక్క ఏడాది కూడా ఇంట్లో లేను.

తెల్లారేసరికి చెట్టు లేదు.

వేడికి జంపక్క మెత్తిన మట్టి పగిలి, మంట తొర్రలో దూరి, లోపలే పైకి పాకి, రాత్రంతా కాల్చింది. చెట్టు నడుం దగ్గర విరిగి ఒరిగింది. కొన నేలను తాకింది. పొగ... తియ్యటి పొగ. నిలబడ్డ మొండెం మీద విరగకుండా మిగిలింది ఒకే ఒక్క కొమ్మ.

ఊరంతా వచ్చింది. కంప కూడా ఆ మంటలోనే పోయిందనుకున్నారు, ఎవరికీ నా మీద అనుమానం రాలేదు. రామక్క చిన్నమ్మ అందరికీ వినబడేలా అంది. "ముసల్దానికి కండ్లు ఆనుతలేవు. నిప్పు ఆర్పకుంట పోయింది."

"ఆర్పిన." జంపక్క బూడిదలో కూర్చొని ఉంది. "నీళ్లు సల్లిన. నా సేతులతోని ఆర్పిన."

ఒక్కొక్కరే తమ చెట్ల కిందికి పోయారు. పువ్వు ఆగదు కదా.

"ఆర్పిన..." అంది మళ్లీ. కాసేపటికి తన అరచేతులు చూసుకుంది. "ఆర్పిననా?"

చెప్పాలి... చెప్పు... చెప్పవే! నోరు తెరవలేదు. అప్పటికి తొమ్మిదిన్నర అయింది.

ఫోన్ తీశాను. రెండు గీతలున్నాయి. చెట్టు పోయినా సిగ్నల్ పోలేదు. అది ఎప్పుడూ చెట్టుది కాదు, చోటుది.

జంపక్క నన్ను చూసింది. ఈసారి కర్ర లేదు.

"వొచ్చినవా? కూసో. రాసుకో." బుట్టను పక్కకు జరిపింది. "ఇంక తొక్కనీకి ఏమున్నది?"

కూర్చున్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది.

పదింటికి సార్ తెర మీదికి వచ్చాడు. "సునందా, వెనకాల ఆ పొగేంటమ్మా? పొయ్యి దగ్గర కూర్చొని ఎవరైనా పరీక్ష రాస్తారా?"

ఏం చెప్పను! "సరే సార్" అన్నాను. పొగ నా వెనక కనబడకుండా పక్కకు తిరిగాను. అటు తిరిగితే ఎదురుగా జంపక్క.

నాలుగో ప్రశ్న. 'గాలికి ఒక చెట్టు విరిగి, దాని కొన నేలతో ముప్పై డిగ్రీల కోణం చేస్తూ తాకింది. మొదలుకు, కొనకు మధ్య దూరం ఆరు మీటర్లు. విరగకముందు చెట్టు ఎత్తు ఎంత?'

గాలికట.

ఈ లెక్క నాకు వచ్చు. హాస్టల్లో పదిసార్లు చేశాను. పటం గీశాను. మొదలు, విరిగిన చోటు, కొన. తల ఎత్తలేదు. ఆరు రూట్ మూడు మీటర్లు అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

పదకొండున్నరకు అన్నీ అయిపోయాయి. పేపర్లు బూడిద మీద వరసగా పరిచాను. ఫొటోలు తీశాను. పంపాను.

ఒక టిక్కు... రెండు టిక్కులు.

సార్ బొటనవేలు బొమ్మ పెట్టాడు. దానికోసమే కదా ఇదంతా.

జంపక్క ఇంకా అక్కడే ఉంది. పైన మిగిలిన ఆ ఒక్క కొమ్మ కిందికి బుట్ట జరుపుకొని కూర్చుంది.

"అవ్వా..." అన్నాను.

"ఏందే?"

టప్.

నా లెక్కల పేపర్ మీద పడింది. నాలుగో జవాబు మీద, సరిగ్గా గీసిన చెట్టు పక్కన. తెల్లగా లేదు. పొగకు మాగి పసుపురంగు తిరిగింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

జంపక్క చెయ్యి ముందుకొచ్చింది. నా వేళ్ల మధ్య నుంచి ఆ పువ్వు తీసుకుంది. బుట్టలో వేసుకుంది.

"ఇది నాది" అంది.

"అవ్... నీదే."

నా నోటి నుంచి వచ్చింది అంతే. చెప్పాల్సింది నాలుక కిందే ఉండిపోయింది. కాగితం మీద తేనె మరక మిగిలింది.

ఆమె తల ఎత్తి కొమ్మను చూసింది. నేనూ చూశాను. ఇంకొకటి పడుతుందేమోనని ఇద్దరం చెవులు రిక్కించి కూర్చున్నాం.